ఐసు ఫ్యాక్టరీలో ఆవిరి

ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు మళ్ళాక, నాలుగో కిలోమీటరు దగ్గర ఒక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది. రాత్రి పది దాటితే ఆ గేటు ముందు ఎవరూ హారన్ కొట్టరు. చేపల లారీల వాళ్ళు పాటలు ఆపేస్తారు. బైకు మీద ఇద్దరు వెళ్తుంటే ఇద్దరూ మాటలు ఆపేస్తారు. రెండు వందల గజాలు దాటాక ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు… అప్పుడు మళ్ళీ మాటలు.

కారణం దానమ్మ.

చేపల పెట్టెల్లో ఐసు సర్దే మనిషట. ఒక రాత్రి ఆమె కోల్డు రూములో ఉండగానే ఎవరో చూసుకోకుండా బయట గడియ పెట్టేశారట. తెల్లారి తలుపు తీస్తే — చెప్పేవాళ్ళు అక్కడ ఆగిపోతారు. తెల్లచీర, తడి జుట్టు, నోట్లోంచి ఐసు పొగ… చూసినవాళ్ళు చూశామంటారు. నమ్మనివాళ్ళు తెల్లవారుజామున వెళ్ళి చూసుకోవచ్చు. సిమెంటు అరుగు మీద తడి అడుగులు ఉంటాయి. అన్నీ లోపలికి వెళ్ళినవే.

బయటికి వచ్చిన అడుగు ఒక్కటి కూడా ఉండదు.

ఆ ఫ్యాక్టరీలో ఒక రాత్రంతా ఒంటరిగా గడిపిన మనిషి ఉంది. ఆమె కథ నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను.

ఆమె పేరు జాయ్సీ. ఇరవై నాలుగేళ్ళు. కైకలూరులో ఒక ఆక్వా ల్యాబులో రెండేళ్ళు పనిచేసింది. రైతులు సీసాల్లో పట్టుకొచ్చిన చెరువు నీళ్ళు పరీక్ష చేసి, ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత, ఉప్పు ఎంత అని కాగితం మీద రాసిచ్చే పని. ఏడు నెలల క్రితం ల్యాబు మూసేశారు గానీ అంకెల పిచ్చి ఆమెకి మిగిలిపోయింది. దానమ్మ కథ విని అందరూ వణికితే ఈమె లెక్క తీసింది.

“తొమ్మిది మంది చెప్పారే నాకు. చచ్చిపోయిన సంవత్సరాలు నాలుగు, పుట్టిన ఊళ్ళు ఐదు. మొగుడి పేరు ఒక్కరికీ తెలీదు. ఇదేం చావే కుసుమా?”

కుసుమ ఆమె డిగ్రీ స్నేహితురాలు. ఆ ఐసు ఫ్యాక్టరీ ఓనరు నాగేశ్వరరావుగారి అమ్మాయి.

“లెక్కలు దెయ్యాలకి చెప్పకే తల్లీ. అసలే చల్లగా ఉంటుంది, మండిపోతుంది” అనేది కుసుమ.

ఇంతకీ జాయ్సీకి ఆ చోటుతో పనేం పడిందంటే — కాఫీ.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీ క్యాంటీన్లో కాఫీ కౌంటరు ఖాళీ అయింది. ఫిల్టరు కాఫీ కాదు, ఎస్ప్రెస్సో కావాలన్నారు. మిషన్ ఒత్తిడితో వేడినీళ్ళు పొడిలోంచి తోసి, అర నిమిషంలో చిక్కటి డికాషన్ దించుతుందే, అది. క్యాంటీన్ కమిటీలో ఇరవై మంది. శనివారం పొద్దున్న పదింటికి వచ్చి ఇరవై కప్పులు చేసి చూపించమన్నారు. నచ్చితే జూన్ నుంచి కౌంటరు జాయ్సీది. నచ్చకపోతే ఆదివారం రాత్రి రైలు. హైదరాబాదులో ఎవరిదో ల్యాబులో ఎవరివో రక్తం సీసాలకి అంకెలు రాయడం. మేనమామ టిక్కెట్టు కూడా తీసి పంపించాడు. తల్లి రూతమ్మ అప్పుడే పచ్చడి జాడీ మూతకి గుడ్డ కట్టేసింది.

మిషన్ ఏలూరులో దొరికింది, పవరుపేటలో ఒక డాక్టరుగారి ఇంట్లో. ఇంట్లో వాడుకునే చిన్నది. ఇటలీలో తయారైంది. మూడేళ్ళుగా అటక మీదే ఉంది.

“పంపు మోగుతుందమ్మా, నీళ్ళే రావు” అని డాక్టరుగారి ఆవిడ దాచకుండా చెప్పింది. జాయ్సీ గురువారం సాయంత్రం తెచ్చుకుంది. శుక్రవారం పొద్దున్న విప్పింది.

మొదటి రోగం తేలిగ్గానే దొరికింది. పంపులో గాలి ఇరుక్కుంది. ఇంజెక్షను సిరంజితో గొట్టంలోకి నీళ్ళు తోస్తే గుర్రుమని దగ్గి, నీళ్ళు మింగింది. రెండో రోగం లోపల ఉంది. వేలెడంత వాల్వు నిండా బోరునీళ్ళ గార, సున్నంలా గట్టిగా పట్టేసింది. లీటరు నీళ్ళకి ఇరవై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, నాలుగుసార్లు నానబెట్టి, సూదితో గోకి గోకి — సాయంత్రం ఏడింటికి వేడినీళ్ళు సన్నటి ధారగా దిగాయి.

ఎనిమిదయ్యేసరికి ఆ ధార చచ్చిపోయింది.

కొల్లేటి పక్క ఊళ్ళవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. చీకటి పడితే రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు మొదలవుతాయి. నీళ్ళని చిలికే చక్రాలు అవి. రాత్రి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది గనక, అవి తిరిగితేనే రొయ్యకి ఊపిరి. వందల చెరువులు, వేల చక్రాలు. ఇళ్ళల్లో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. జాయ్సీ మీటరు పెట్టి చూస్తే నూట అరవై ఎనిమిది వోల్టులు. పద్నాలుగు వందల వాట్ల హీటరు ఏడువందల యాభై దగ్గర మూలుగుతోంది. తొమ్మిదికి వెళ్ళాల్సిన ఒత్తిడి గేజి ముల్లు ఐదు దగ్గర నిలబడిపోయింది.

కుసుమకి ఫోను చేసింది.

“మా ఫ్యాక్టరీకి సొంత ట్రాన్స్‌ఫార్మరు ఉందే” అంది కుసుమ. అని, నాలుక కరుచుకుంది. “వద్దులే. నేను అనలేదు.”

“వోల్టేజి ఎంత ఉంటుంది?”

“జాయ్సీ…”

“ఎంత ఉంటుందే?”

“రెండు వందల ముప్పై. ఎవరు వాడుతున్నారు గనక! కరెంటు తీయించేస్తే మళ్ళీ రాదని నాన్న కనీసం బిల్లు కట్టుకుంటూ వస్తున్నారు.”

రాత్రి పది నలభైకి ఇద్దరూ స్కూటీ మీద ఆ గేటు ముందు దిగారు. దుప్పట్లో చుట్టిన మిషన్ ఇద్దరి మధ్య బిడ్డలా ఉంది.

ముందు గది ఒకప్పటి ఆఫీసు. ఒక బల్ల, ఒక బల్బు, గోడకి పెద్ద ప్లగ్గు. వెనక గోడకి కోల్డు రూము తలుపు — జానెడు మందం, ఇనప పిడి. ఆ తలుపు వైపు కుసుమ వీపు పెట్టదు, మొహమూ పెట్టదు. పక్కకి తిరిగి కూర్చుంది.

“దానమ్మ వస్తే నా పేరు చెప్పకే. ఓనరు కూతురినని తెలిస్తే ముందు నన్నే పట్టుకుంటుంది.”

“వస్తే కాఫీ పొడి పట్టుకోమంటాను. నువ్వు ఆ డబ్బా ఇలా ఇవ్వు.”

మీటరు పెట్టింది. రెండు వందల ఇరవై తొమ్మిది. జాయ్సీ నవ్వింది. పదకొండు ఇరవైకి స్విచ్చి వేసింది. హీటరు ఎర్రలైటు వెలిగింది.

“ధడ్.”

వెనక నుంచి. కోల్డు రూము అవతల నుంచి. బరువైనదేదో ఒక్క దెబ్బ.

కుసుమ లేచి నిలబడింది.

“నేను… నాన్నకి బీపీ మాత్ర ఇవ్వాలే.”

“రాత్రి పదకొండున్నరకా?”

“పదకొండున్నరకే. డాక్టరు రాసిచ్చాడు.” కుసుమ చేతిలో అప్పటికే తాళాలున్నాయి. “నువ్వూ రావే. పద.”

“నేను వస్తే రేపు ఇరవై కప్పులు ఎవరు చేస్తారు, మీ నాన్నా?”

“పొద్దున్న ఐదున్నరకి కారు తెస్తాను. గూడెం నేనే దింపుతాను. ఒట్టు!” స్కూటీ చప్పుడు రోడ్డెక్కింది. హారన్ కొట్టలేదు.

జాయ్సీ ఒక్కతే మిగిలింది.

ధడ్ అన్నందుకు ఆమెకి అంత భయం వెయ్యలేదు. దాని తర్వాత ఏదో తగ్గింది. అదీ భయం. ఏం తగ్గిందో తెలీదు… ఊడిన పన్ను చోటు నాలుక తడుముకున్నట్టు చెవులు తడుముకుంటున్నాయి. కప్పలు ఉన్నాయి. కీచురాళ్ళు ఉన్నాయి. వాటి వెనక ఉండాల్సిందేదో లేదు.

ఆరు నిమిషాలయ్యాక వినపడింది.

తప్… తప్… తప్…

తడి కాళ్ళు. వట్టి కాళ్ళు. గోడ అవతల, అరుగు మీద. తలుపేదో కిర్రుమంది. తర్వాత ‘ఠప్’మని చిన్న చప్పుడు. ఆ వెంటనే, తగ్గిందేదో మళ్ళీ వచ్చి నిండింది. చెవులకి ప్రాణం లేచొచ్చింది.

మనసులో ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో లెక్క దూరింది. పదకొండు ఇరవై — ధడ్. పదకొండు ఇరవై ఆరు — అడుగులు. సంచిలోని నోటు పుస్తకం తీసి వెనక అట్ట మీద రాసుకుంది.

మిషన్ ఆపి విప్పింది. పొడి నింపే పిడి గిన్నె, అదే కాఫీ గిన్నె, బిగించే చోట రబ్బరు రింగు ఎండి గట్టిపడి, ఆవిరి పక్కల నుంచి బుసకొడుతోంది. రింగు ఊడదీసి, వేడినీళ్ళలో వేసి, తిరగేసి పెట్టింది. మళ్ళీ స్విచ్చి. ఎర్రలైటు.

“ధడ్.”

ఈసారి అడుగులు నాలుగు నిమిషాలకే వచ్చాయి. వేగంగా వచ్చాయి.

మొదటి కప్పు పదకొండు సెకన్లలో కారిపోయింది, తేనీరులా. ఇరవై ఎనిమిది సెకన్లు పట్టాలి. పద్దెనిమిది గ్రాముల పొడికి ముప్పై ఆరు గ్రాముల డికాషన్ దిగాలి. చేతి గ్రైండరులో గింజలు ఇంకా మెత్తగా తిప్పింది. రెండోది అసలు దిగలేదు, చుక్కచుక్కగా ఏడ్చింది. మూడోదానికి గేజి పన్నెండు దాటింది. ఆపి, లోపలి ఒత్తిడి తగ్గించే మర పావు వంతు వదులు చేసింది. ప్రతిసారీ ఎర్రలైటు… ప్రతిసారీ ధడ్… ప్రతిసారీ ఆ తగ్గడం… ప్రతిసారీ తడి కాళ్ళు.

చెమటకి, ఆవిరికి తల తడిసిపోతే తెల్ల తువ్వాలు చుట్టుకుంది. కాసేపటికి అదీ జారి భుజం మీద పడింది. జుట్టు విడిపోయింది. ముడి వేసుకునే తీరిక లేదు.

ఒంటిగంటన్నరకి అట్ట మీద అంకెలు చూసుకుంది.

ధడ్ అనేది ఎర్రలైటు వెలిగిన క్షణానే వస్తోంది. అర సెకను తేడా లేదు. దెయ్యానికి హీటరు లైటు కనపడుతుందా? ఇది కరెంటు సంగతి. ఎక్కడో ఏదో పడుతోంది, తను స్విచ్చి వేసినందుకు. సరే. ధడ్‌కి జవాబు దొరికింది.

మరి ఆ కాళ్ళు ఎవరివి?

మళ్ళీ పనిలో పడింది. నాలుగో కప్పు. ఐదో కప్పు. ఇరవై ఒక్క సెకన్లకి వచ్చింది. ఆరోది ఇరవై ఐదు. దగ్గరపడుతోంది. పాలు మరిగించే గొట్టం తిప్పితే ‘సుయ్య్…’మని గదంతా తెల్లటి ఆవిరి కమ్మింది. రెండూ యాభై. ఎర్రలైటు. ధడ్. చెవుల్లోంచి ఆ నిండుదనం మళ్ళీ జారిపోయింది.

ఈసారి అడుగులు రాలేదు.

అంతకుముందు లోపలికి వచ్చినవి తిరిగి వెళ్ళనే లేదు గనక.

కోల్డు రూము తలుపు కింద సన్నటి సందుంది. ఆ సందులోంచి నీళ్ళు… ఒక పాయ… నల్లగా, మెల్లగా, బల్ల వైపు జారుకుంటూ వస్తోంది. ఆ తర్వాత గొంతు. మగ గొంతు. గుసగుసగా.

“దానమ్మా… తప్పయిపోయింది తల్లీ…”

జాయ్సీ చేతిలో కాఫీ గిన్నె బిగుసుకుంది.

“ఒక్క రాత్రి… ఈ ఒక్క రాత్రి వదిలెయ్యి… నిన్ను నేనే ఇందులో పెట్టాను… ఒప్పుకుంటున్నాను… వదిలెయ్యి దానమ్మా…”

పెట్టాను అంటున్నాడు. గడియ పెట్టినవాడు! నిజంగా ఉన్నాడు. తలుపుకి ఆ పక్కనే ఉన్నాడు.

పారిపోవడానికి స్కూటీ లేదు. రోడ్డు మీద మనిషి లేడు. ఇంకో మూడు గంటల్లో తెల్లారుతుంది. పారిపోతే మిషన్ ఇక్కడే ఉండిపోతుంది. ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నదీ, తెల్లారి పదిగంటలూ, ఆదివారం రైలూ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. కాఫీ గిన్నె పిడి పట్టుకుని ఎత్తింది. అర కిలో ఇత్తడి. రెండో చేత్తో ఇనప పిడి లాగింది.

తలుపు తెరుచుకుంది.

మోకాళ్ళ మీద ఒక మనిషి. నడుం దాకా బురద, పంచెలోంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులూ జోడించి ఉన్నాడు. జాయ్సీ వెనక బల్బు, చుట్టూ ఆవిరి, భుజం మీద తెల్లటి తువ్వాలు, విరబోసిన జుట్టు…

ముందు అరిచింది ఆయనే. జాయ్సీ జీవితంలో అంత పెద్ద అరుపు వినలేదు. వెనక్కి పడ్డాడు. టార్చి దొర్లిపోయింది. ఆ వెలుగులో మొహం కనపడింది.

“క్రీస్తుదాసు బాబాయ్?”

ల్యాబుకి వారానికి రెండుసార్లు సీసా పట్టుకొచ్చే రైతు. ఫ్యాక్టరీ వెనక రెండెకరాల చెరువు. బిస్కెట్లు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు.

ఆయన ఆమె మొహం చూశాడు. కాళ్ళు చూశాడు. మళ్ళీ మొహం చూశాడు.

“ల్యాబు జాయ్సీగారా…” కూర్చున్నచోటు నుంచే వెనక్కి జరిగాడు. “అయ్యో… మీరెప్పుడు పోయారమ్మా?”

“నేను పోలేదు బాబాయ్!”

“పోలేదా?”

“కాఫీ మిషన్ బాగుచేసుకుంటున్నాను.”

ఆయనకి అది అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమవగానే లేచి నిలబడ్డాడు. భయం పోయి ఇంకేదో వచ్చింది మొహంలోకి.

“స్విచ్చి ఆపండమ్మా. ముందు స్విచ్చి ఆపండి. నా ఏరియేటర్లు ఆగిపోతున్నాయి.”

అప్పుడు తెలిసింది చెవులకి. రాత్రంతా తగ్గుతూ పెరుగుతూ వచ్చింది అదే. గోడ వెనక చెరువులో నాలుగు చక్రాలు నీళ్ళు చిలికే చప్పుడు. పుట్టినప్పటి నుంచి ప్రతి రాత్రీ వింటోంది గనక వింటున్నట్టే తెలీదు.

“ఆగి ఎంతసేపయింది?”

“ఇరవై నిమిషాలు. భయమేసి మోటార్ల స్టార్టరు నొక్కడానికి వెళ్ళలేకపోయాను.”

మూడు దాటింది. ఈ వేళకి చెరువులో ఆక్సిజన్ నాలుగుంటే గొప్ప. ఇరవై నిమిషాలకి మూడు. ఇంకో అరగంటకి రెండు. రెండు దగ్గర రొయ్య పైకి తేలుతుంది. ఇది ఆమె ఎవరినీ అడగక్కర్లేదు. ఆయనకి ఆ అంకెలు రాసిచ్చింది ఆమే.

గేజి తొమ్మిది దగ్గర కదలకుండా ఉంది. రాత్రంతా వెతుక్కున్న వేడి ఇప్పుడే అందింది. జాయ్సీ స్విచ్చి ఆపేసింది.

ఆయన వెనక్కి పరిగెత్తాడు. ‘ఠప్.’ చక్రాలు తిరిగాయి. ఇద్దరూ కోల్డు రూములో నిలబడి ఆ చప్పుడు విన్నారు, ఏడుపు ఆపిన పసిపిల్ల ఊపిరి విన్నట్టు.

అప్పుడు చెప్పాడు ఆయన. మెల్లగా, గోడ వైపు చూస్తూ.

ఐసు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆపరేటరు ఆయనే. ఆరేళ్ళ క్రితం మూతపడింది. తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయింది. కౌలుకి చెరువు తీసుకున్నాడు. ఊళ్ళో వోల్టేజికి మోటార్లు కాలిపోతుంటే, రాత్రికి రాత్రి ఈ కరెంటు ప్యానెల్ నుంచి గట్టు కింద వైరు లాగాడు. నాగేశ్వరరావుగారికి తెలీదు. లోపలికి ఎవరొచ్చినా వైరు కనపడిపోతుంది.

“అందుకని… ఒక ఆడమనిషి తిరుగుతోందని టీ కొట్టు దగ్గర అన్నానమ్మా. పేరేమిటని ఎవరో అడిగారు. దానమ్మ అని నోటికొచ్చింది. అంతే.”

“అసలు దానమ్మ లేదా?”

“లేదమ్మా.”

“మరి తడి అడుగులు?”

“నావే. చెరువులోంచి వస్తాను గదా, వచ్చేటప్పుడు తడి. స్టార్టరు దగ్గర కాసేపు నిలబడితే ఆరిపోతాయి. వెళ్ళేటప్పుడు అడుగు పడదు.”

జాయ్సీకి నవ్వొచ్చింది. ఆరేళ్ళుగా లారీలు పాటలు ఆపుకుంటున్నది ఆరిన కాళ్ళకి!

“లేదని మీకే తెలుసు గదా బాబాయ్. మరి ఇందాక ఎవర్ని వేడుకుంటున్నారు?”

క్రీస్తుదాసు టార్చి ఏరుకుని, ఆర్పి, మళ్ళీ వెలిగించాడు.

“ఆరేళ్ళయిందమ్మా” అన్నాడు చివరికి. “ఊరు ఊరంతా చూశామంటున్నారు. మా ఆవిడ కూడా చూశానంది. అందరూ అబద్ధమే చెబుతారా?… ఈ రాత్రి పదకొండుసార్లు ధడ్‌మని పడింది స్టార్టరు. సందులోంచి చూస్తే తెల్లగా పొగ. సరే, నేను కల్పించినందుకు నా మీదకే వచ్చిందనుకున్నాను.”

అట్ట మీద జాయ్సీ లెక్క కూడా పదకొండే.

మూడున్నర అయింది. కుసుమ ఐదున్నరకి వస్తుంది. సరిగా దిగిన కప్పు ఇంకా ఒక్కటీ లేదు.

“బాబాయ్, నాకు ఇంకో అరగంట హీటరు కావాలి.”

“వద్దమ్మా.” ఆయన చేతులు జోడించాడు. “అరవై రోజుల పంట. ఇంకోసారి పడితే తట్టుకోవు. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఇద్దరిలో ఎవరు కాదన్నా రెండోవాళ్ళది పోతుంది. జాయ్సీ కోల్డు రూములోంచి ప్యానెల్ గదిలోకి నడిచింది. తుప్పు పట్టిన పెట్టె, మూడు ఫ్యూజులు. మీటరు పెట్టింది.

“నా ప్లగ్గు ఏ ఫేజు మీదుంది?”

“ఎర్రది.”

“నేను హీటరు వేస్తే ఎర్రదాంట్లో వోల్టేజి ఎంత పడుతుందో తెలుసా? ఈ జాయింటు చూడండి, కాలిపోయింది. మూడు ఫేజులూ సమానంగా లేకపోతే మీ స్టార్టరు పడిపోతుంది. అందుకే పెట్టారు దాన్ని. తప్పు దానిది కాదు, ఈ జాయింటుది. నీలం ఫేజు జాయింటు గట్టిగా ఉంది. నా ప్లగ్గు దాని మీదకి మారిస్తే?”

ఆపరేటరు కళ్ళల్లో పాత ఉద్యోగం మేలుకుంది. మొలలోంచి టెస్టరు తీశాడు. ప్లగ్గు ఫ్యూజు ఊడబెరికి, పాత వైరు కోసి, కొత్త మొన చెక్కి, నీలం దాని మీద బిగించాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. ఏరియేటర్లు ఆగలేదు.

“వెయ్యమంటారా?” అంది జాయ్సీ.

ఆయన వెనక్కి వెళ్ళి స్టార్టరు పక్కన నిలబడ్డాడు. పడితే పట్టుకునేటట్టు చెయ్యి చాచి పెట్టాడు.

ఎర్రలైటు వెలిగింది.

ఒకటి… రెండు… మూడు…

చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

నాలుగూ పదికి కప్పు దిగింది. చుంచెలుక తోకంత సన్నటి ధార, గోధుమ రంగు నురగ. ఇరవై ఎనిమిదో సెకనుకి ఆపింది. త్రాసు మీద ముప్పై ఆరు గ్రాములు. జాయ్సీ బల్ల పట్టుకుని నిలబడింది.

ఆ కప్పు ఆయనకే ఇచ్చింది. ఒక గుక్క తాగి, మర్యాదకి మింగాడు.

“కషాయమా అమ్మా?”

“పాలు పోయలేదు బాబాయ్.”

“బావుంది. జలుబు తగ్గుతుంది.” మొత్తం తాగాడు. కప్పు బల్ల మీద పెట్టి అన్నాడు: “నాగేశ్వరరావుగారికి చెబుతారా?”

“నేను చెప్పను. మీరే చెప్పండి. మీటరు పెట్టించుకుని అద్దె కట్టండి. ఆయన ఈ ఫ్యాక్టరీకి మనిషి దొరక్క ఆరేళ్ళుగా తల పట్టుకుంటున్నారు.”

“రొయ్యల పట్టుబడి అవ్వగానే చెబుతానమ్మా. ప్రమాణం.” లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. “దానమ్మ సంగతి మాత్రం… ఉండనివ్వండి. ఇప్పుడు లేదంటే ఎవరూ నమ్మరు కూడా.”

జాయ్సీ డబ్బా తూకం వేసింది. తెచ్చింది అర కిలో. ఆరు కప్పులు పాడు, ఒకటి ఆయనకి. మిగిలింది మూడువందల డెబ్బై నాలుగు గ్రాములు. ఇరవై కప్పులకి కావాల్సింది మూడువందల అరవై. సరిపోతుంది. మూత పెట్టేయాలి.

మూత పెట్టలేదు. ఇంకో పద్దెనిమిది గ్రాములు తీసింది. కప్పు దించింది. తీసుకెళ్ళి కోల్డు రూము గుమ్మం దగ్గర, ఆ నీటి పాయ పక్కన పెట్టింది.

“ఎవరికమ్మా?” క్రీస్తుదాసు గొంతు మళ్ళీ గుసగుసలోకి దిగింది. “లేదని చెప్పానుగా…”

“లేనిమనిషే గదా బాబాయ్, ఆరేళ్ళు మీ చెరువు కాపలా కాసింది. జీతం లేకుండా.”

ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలాసేపు ఆ కప్పు మీది ఆవిరి వైపే చూస్తూ నిలబడ్డారిద్దరూ.

ఆ పొద్దున్న గూడెంలో, క్యాంటీన్ బల్ల మీద పందొమ్మిది కప్పులు ఇరవై ఎనిమిది సెకన్లకి తు.చ. తప్పకుండా దిగాయి. కమిటీ వాళ్ళు తాగారు, తలలూపారు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. దానమ్మకి పెట్టిన కప్పు పోగా, డబ్బా అడుగు గీకితే పద్నాలుగు గ్రాములు. నాలుగు తక్కువ.

ఇరవయ్యో కప్పు కమిటీ పెద్ద నరసింహమూర్తిగారిది. నిర్ణయం కూడా ఆయనదే. పలచగా దిగింది. జాయ్సీ దాన్ని ఆయన ముందు పెట్టి, ఆయన మొహం చూడలేక గోడ వైపు చూసింది.

ఆయన ఒక గుక్క తాగారు. ఆగారు. ఇంకో గుక్క తాగారు. పక్కనున్న పందొమ్మిది మందినీ చూశారు.

“ఏవండీ, మీరంతా ఇంత కమ్మటి కాఫీ తాగుతూ అలా మొహాలు మాడ్చుకున్నారేంటి?” అని, జాయ్సీ వైపు తిరిగి అన్నారు: “జూన్ నుంచి అందరికీ ఇలాగే చెయ్యమ్మా.”